మాట అంటే మాటే: లార్డ్ అట్కిన్ తీర్పుల దారి

1937 మార్చి 23, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతం. పూరీ స్టేషన్‌లో రైలు మూడో తరగతి బోగీలో ఎవరూ దించుకోని స్టీలు ట్రంకు పెట్టె ఒకటి దొరికింది. తెరిస్తే లోపల ఏడు ముక్కలుగా నరికిన మగమనిషి శవం. ఆ మనిషి పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు, వయసు నలభై ప్రాంతం. దివాను కూతురు 1936లో అతని దగ్గర విడతలుగా 3,000 రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే మన లెక్కలో నూటికి రూపాయిన్నర. ఆమె రాసిచ్చిన చీటీలు, ఉత్తరాలు యాభై దాకా తర్వాత అతని ఇంట్లో బయటపడ్డాయి. మార్చి 20, శనివారం అతనికి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. బాకీ తీసుకుపోవడానికి బరంపురం రమ్మన్నారని భార్యకు చెప్పి, మర్నాడు రైలెక్కాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఈ హత్యకు ఉరిశిక్ష పడింది ఆమె భర్త, దివాను అల్లుడు పాకాల నారాయణస్వామికి. బరంపురం అంతకు ఏడాది కిందటే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సా ప్రావిన్సులోకి వెళ్లింది. ఒరిస్సాకు అప్పటికింకా సొంత హైకోర్టు లేదు. అందుకని కేసు పట్నా హైకోర్టుకు, అక్కణ్ణుంచి అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు పోయింది. 1939 జనవరిలో తీర్పు వచ్చింది. రాసినవారు బ్రిటిష్ జడ్జి లార్డ్ అట్కిన్.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో లా చదివే ఏ విద్యార్థినడిగినా పాకాల నారాయణస్వామి కేసు చెబుతారు. సాక్ష్య చట్టం పేపర్లో అది తప్పనిసరి. అదే విద్యార్థి టార్ట్స్ (ఒకరు చేసిన హానికి ఇంకొకరు పరిహారం కోరే చట్టం) పేపర్లో జింజర్ బీర్ సీసాలో నత్త కేసు చదువుతాడు. కాంట్రాక్టుల పేపర్లో భార్యకు నెలకు 30 పౌండ్లు ఇస్తానని ఇవ్వని మొగుడి కేసు ఉంటుంది. రాజ్యాంగం దగ్గరికొస్తే యుద్ధకాలంలో విచారణ లేకుండా జైల్లో పెట్టిన లివర్సిడ్జ్ కేసు. నాలుగింటిలోనూ పరీక్షకు కంఠతా పట్టే వాక్యాలు ఒక్కరివే. అయినా పుస్తకాలు నాలుగు కాబట్టి ఆ సంగతి ఎవరి దృష్టికీ పెద్దగా రాదు.

అట్కిన్‌ను దయగల జడ్జి అని, స్వేచ్ఛకోసం నిలబడ్డ జడ్జి అని పొగడటం రివాజు. ఆ పొగడ్త సగమే నిజం. దయ మాటకొస్తే పాకాల కేసులో ఆయన అప్పీలు కొట్టేశారు, ఉరి ఖాయమైంది. డబ్బు అందని భార్య కేసులో ఆమెకు పైసా ఇప్పించలేదు. ఆయన తీర్పుల్ని కలిపే దారం వేరే ఉంది. చట్టంలో ఒక మాట రాసి ఉంటే దానికి మామూలు మనిషికి తట్టే అర్థమే ఉంటుంది, ప్రభుత్వానికి అవసరం పడిందనో కోర్టులకు అలవాటైందనో దాన్ని సాగదీయడానికి లేదు. ఈ పట్టుదల వల్ల ఒక్కోసారి ముద్దాయికి మేలు జరిగింది, ఒక్కోసారి జరగలేదు.

ఆయన జీవితంలో నాటకీయత తక్కువ. 1867 నవంబర్ 28న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టారు. పూర్తి పేరు జేమ్స్ రిచర్డ్ అట్కిన్. తండ్రి ఐర్లండ్ మనిషి, క్వీన్స్‌లాండ్ శాసనసభ సభ్యుడు. కొడుక్కి ఐదేళ్లు నిండకముందే పోయాడు. తల్లిది వేల్స్. పిల్లాడు అక్కడే అమ్మమ్మ ఇంట పెరిగాడు, చివరిదాకా తనను వేల్స్ వాడిగానే చెప్పుకున్నాడు. బ్రెకన్‌లో స్కూలు, ఆక్స్‌ఫర్డ్‌లో మాడ్లిన్ కాలేజీ, 1891లో గ్రేస్ ఇన్ అనే లాయర్ల సంస్థ నుంచి బారిస్టరు. మొదటి ఏళ్లలో కేసులు రాక ఖాళీగా కూర్చున్నారు. తర్వాత వ్యాపార దావాల్లో పేరు వచ్చింది. 1913లో హైకోర్టు జడ్జి, 1919లో అప్పీలు కోర్టు, 1928లో అప్పటి అత్యున్నత కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్.

హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునే ఆ కొద్దిమంది జడ్జీలే, అంటే లా లార్డులే, ప్రివీ కౌన్సిల్ అప్పీళ్లు కూడా వినేవారు. అంటే స్కాట్లండ్‌లో సీసా తగాదా విన్న జడ్జే నైజీరియాలోని లాగోస్ గిరిజన పెద్ద కేసు, ట్రినిడాడ్ పత్రిక కేసు, బరంపురం హత్య కేసు వినాలి. ప్రివీ కౌన్సిల్ తీర్పు పేరుకి రాజుగారికిచ్చే సలహా. 'ఈ అప్పీలు కొట్టేయవలసిందని వినయంగా మనవి చేస్తున్నాం' అన్న ధోరణిలో ముగుస్తుంది. సలహా ఒక్కటే ఉండాలి కాబట్టి ఎవరైనా విభేదించినా అది అప్పట్లో బయటికొచ్చేది కాదు. అందుకే మన కేసుల్లో ఆయన సొంత గొంతు కొంచెం మరుగున పడి ఉంటుంది, జాగ్రత్తగా చదివితేగాని దొరకదు.

1919 నాటి బాల్ఫోర్ కేసు ముందు చూద్దాం. భర్తకు సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) నీటిపారుదల శాఖలో ఉద్యోగం. సెలవుపై ఇద్దరూ ఇంగ్లండ్ వచ్చారు. డాక్టర్ సలహాతో భార్య అక్కడే ఆగిపోయింది. నెలకు 30 పౌండ్లు పంపుతానని చెప్పి ఆయన ఓడెక్కాడు. తర్వాత కాపురం చెడింది, ఆమె ఆ డబ్బు కోసం దావా వేసింది. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి మాటలకు కోర్టులో అమలయ్యే కాంట్రాక్టు బలం ఉండాలని వాళ్లెవరూ అనుకోరు, ప్రతి ఇంటి లెక్కలూ కోర్టుకెక్కితే ఇప్పుడున్న చిన్న కోర్టులకు నూరింతలు పెట్టినా చాలవు అన్నారు అట్కిన్. ఈ చల్లటి కోర్టుల్లో ప్రేమాభిమానాలకు విలువ బహు తక్కువ అని కూడా ఒక చురక వేశారు. ఇంటి పనికి లెక్కకట్టని సమాజంలో ఈ సూత్రం ఆడవాళ్లకే ఎక్కువ నష్టం చేసిందని తర్వాతి తరం విమర్శకులు గట్టిగానే అన్నారు. ఆ విమర్శ న్యాయమైందే. భరణం చట్టాలు వేరే ఉన్నాయి కదా అన్న జవాబు దానికి సరిపోదు.

సీసా కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1928 ఆగస్టు 26న స్కాట్లండ్‌లోని పైస్లీలో ఒక కెఫేలో మే డొనహ్యూ అనే పేదరాలికి స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా ముదురు రంగుది, లోపలేముందో కనపడదు. సగం తాగాక మిగతాది వంచితే కుళ్లిన నత్త పడిందని ఆమె ఫిర్యాదు. కొన్నది ఆమె కాదు కాబట్టి కెఫే యజమానితో ఆమెకు కాంట్రాక్టు లేదు, తయారీదారు స్టీవెన్‌సన్‌తో అసలే లేదు. అప్పటి లెక్కల ప్రకారం ఆమెకు దారి మూసుకుపోయినట్టే. 1932 మే 26న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు ఇద్దరిగా చీలి ఆమె పక్షాన తీర్పిచ్చింది. 'నా పొరుగువాడెవడు?' అన్న బైబిలు ప్రశ్నను అట్కిన్ కోర్టులోకి తెచ్చారు. పొరుగువాణ్ణి ప్రేమించు అన్న నీతి చట్టంలోకొచ్చేసరికి 'పొరుగువాడికి హాని చేయకు' అవుతుంది. నా పనివల్ల ఎవరికి దెబ్బ తగులుతుందని నేను ముందే ఆలోచించి ఉండాలో వాళ్లంతా నా పొరుగువాళ్లే. ఇక్కడ గమనించాల్సింది, ఆయన ఆ ప్రశ్నకు 'అందరూ' అని జవాబు చెప్పలేదు. న్యాయవాది అడిగే ప్రశ్నకు హద్దున్న జవాబు కావాలి అన్నారు. ఆ హద్దు ఎక్కడ గీయాలన్నదే ఆ తర్వాత తొంభై ఏళ్లుగా కోర్టుల పని. ఇంతకీ సీసాలో నిజంగా నత్త ఉందా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. విచారణ దాకా పోకముందే స్టీవెన్‌సన్ చనిపోయాడు, వ్యవహారం రాజీతో ముగిసింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు లోపానికి తయారీదారుణ్ణి నేరుగా బాధ్యుణ్ణి చేస్తూ ఒక అధ్యాయమే పెట్టింది. ఆ ఆలోచనకు మూలం పైస్లీలోనే ఉంది.

ఇక పాకాల కేసు. ఇందులో తేల్చాల్సిన ప్రశ్నలు మూడు.

మొదటిది, చనిపోయినవాడు భార్యతో అన్న మాట. 'బాకీ తీసుకోవడానికి బరంపురం పోతున్నా' అని ఇంట్లో అన్నమాట సాక్ష్యం అవుతుందా? ఇంగ్లండ్ చట్టంలో మరణ వాంగ్మూలం కావాలంటే చెప్పేవాడికి చావు దగ్గరపడిందన్న ఎరుక ఉండాలి. మంచంమీదున్నవాడి మాట చెల్లుతుంది, రైలెక్కబోయేవాడి మాట చెల్లదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 32వ సెక్షన్ మాత్రం చావుకు దారితీసిన వ్యవహారంలోని 'పరిస్థితుల' గురించి చెప్పిన మాటలన్నింటినీ అనుమతించింది. ఆ సెక్షన్‌ను ఇంగ్లిషు అలవాటుతో కుదించి చదవమని ముద్దాయి లాయర్లు వాదించారు. అట్కిన్ ఒప్పుకోలేదు. చెప్పేనాటికి చంపుతారన్న భయం అతనికి ఉండనక్కర్లేదు, చావుకు కారణమైన పని మొదలై ఉండనక్కర్లేదు; మాటకూ చావుకూ దగ్గరి సంబంధం ఉంటే చాలు. ఊరికే అనుమానమో భయమో వెళ్లగక్కిన మాట అయితే కాదు. ఎక్కడికి పోతున్నాడు, ఎవరు రమ్మన్నారు, ఎందుకు అన్నవి ఆ చావు వ్యవహారంలో భాగమే. కాబట్టి ఆ మాట చెల్లింది. ఇది ముద్దాయికి గట్టి దెబ్బ.

రెండోది, అరెస్టుకు ముందు ముద్దాయి పోలీసులకు చెప్పిన మాట. అతను మా ఇంటికొచ్చాడు, రాత్రి బయటి గదిలో పడుకున్నాడు, మర్నాడు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు అన్నాడు. చూసినవాళ్లు వేరే లేనప్పుడు ఇంటికొచ్చాడని ఒప్పుకోవడమే ప్రాసిక్యూషన్‌కు బంగారం. అయితే అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తులో 'ఎవరైనా వ్యక్తి' పోలీసు అధికారికిచ్చిన స్టేట్‌మెంటును ఆ నేరం విచారణలో సాక్ష్యంగా వాడకూడదు. 'ఎవరైనా వ్యక్తి' అంటే సాక్షులు మాత్రమే, తర్వాత ముద్దాయి అయినవాడు అందులోకి రాడని కొన్ని హైకోర్టులు అప్పటిదాకా చెబుతూ వచ్చాయి. ఎవరైనా అంటే ఎవరైనానే, ఆ మాటలకు అంతకంటే ఇరుకైన అర్థం లేదన్నారు అట్కిన్. స్టేట్‌మెంటు పక్కకు పోయింది. ఇది ముద్దాయికి లాభం.

మూడోది, నేరాంగీకారం అంటే ఏమిటి అన్నది. ముద్దాయిని ఇరికించే నిజం ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన అది నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదు. నేరమే చేశానని అనాలి, లేకపోతే నేరానికి కావలసిన అంశాలన్నీ దాదాపుగా ఒప్పుకోవాలి. హత్యకు వాడిన కత్తి నాదే అని ఒకడన్నా, ఆ కత్తికి వేరే వివరణ లేకపోయినా, అది నేరాంగీకారం కాదు. ఈ నిర్వచనాన్ని సుప్రీంకోర్టు స్వాతంత్ర్యం తర్వాత అలాగే అందుకుంది.

ఇవన్నీ తేల్చాక మిగిలిన సాక్ష్యం చూశారు. స్టేట్‌మెంటు తీసేసినా, ట్రంకు పెట్టె ఎక్కడ కొన్నారు, జట్కాలో స్టేషన్‌కు ఎవరు తెచ్చారు వగైరా శిక్షకు సరిపోతాయని తేలింది. అప్పీలు పోయింది. సెక్షన్ 162 మీద గెలిచి కేసు ఓడిపోయిన మనిషి పేరు ఇవాళ్టికీ మన లా పుస్తకాల్లో నిలిచి ఉంది. ఆ తీర్పు ప్రభావం హత్యలకే పరిమితం కాలేదు. 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు, పెళ్లయిన కొత్తలో చనిపోయిన ఒక యువతి తన వాళ్లకు రాసిన ఉత్తరాలను ఏ మేరకు సాక్ష్యంగా చూడాలో ఈ పిఠాపురం మనిషి మాట ఆధారంగానే చర్చించింది. కోడళ్ల అనుమానాస్పద మరణాల కేసుల్లో అమ్మతో ఫోన్లో అన్న మాట, అక్కకు రాసిన ఉత్తరం కోర్టులో నిలుస్తున్నాయంటే ఆ దారి వేసింది 1939 తీర్పే. సాక్ష్య చట్టం పేరు మారి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 32వ సెక్షన్ 26 అయింది, సారాంశం మారలేదు.

'ఎవరైనా అంటే ఎవరైనానే' అన్న మనిషి మూడేళ్లు తిరక్కుండానే లండన్‌లో ఒంటరి కావాల్సి వచ్చింది.

1940 మే. ఫ్రాన్స్ కూలిపోతోంది, జర్మన్లు ఇంగ్లండ్‌మీద దిగుతారని దేశమంతా టెన్షన్. రక్షణ నిబంధనల్లో 18బీ కింద హోం మంత్రికి ఒక అధికారం ఉంది: ఫలానా మనిషికి శత్రువుతో సంబంధాలున్నాయని నమ్మడానికి 'సహేతుకమైన కారణం' ఉంటే విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. ఆ నిబంధన కింద వెయ్యిమందికి పైగా లోపలికి పోయారు. వారిలో రాబర్ట్ లివర్సిడ్జ్ ఒకడు. అసలు పేరు జాక్ పెర్ల్‌జ్వైగ్, యూదుడు, వైమానిక దళంలో పనిచేస్తున్నాడు. నాజీలతో చేతులు కలిపే మనిషి కాదని పేరు చూస్తేనే తెలుస్తుంది. తనను అన్యాయంగా నిర్బంధించారని దావా వేసి, నన్ను అనుమానించడానికి కారణాలేమిటో చెప్పండి అన్నాడు. హోం మంత్రి సర్ జాన్ ఆండర్సన్ చెప్పనన్నాడు. ఈ ఆండర్సన్ 1932 నుంచి 1937 దాకా బెంగాల్ గవర్నరు. విప్లవకారుల్ని విచారణ లేకుండా లోపల వేయడం అక్కడ రోజువారీ పాలన. 1934లో డార్జిలింగ్ దగ్గర లెబాంగ్‌లో ఆయనమీద కాల్పులు కూడా జరిగాయి. వలస పాలనలో నాటుకున్న అలవాటు రాజధానికి చేరిందనుకోవచ్చు.

1941 నవంబర్ 3న ఐదుగురిలో నలుగురు లా లార్డులు ప్రభుత్వం వైపు మొగ్గారు. మంత్రి తనకు కారణం ఉందని నిజాయితీగా అనుకుంటే చాలు, అది నిజంగా ఉందా అని కోర్టు అడగదు అన్నారు. ఆ నలుగురిలో లార్డ్ మాక్‌మిలన్ ఒకరు. నత్త కేసులో అట్కిన్‌తో కలిసి నడిచినవాడే.

అట్కిన్ తర్కం పిల్లలకూ అర్థమయ్యేది. 'ఫలానా వాడి చీలమండ విరిగితే' అన్నదానికి 'విరిగిందని వాడనుకుంటే' అని అర్థం రాదు. కారణం 'ఉంటే' అన్నారు కాబట్టి ఉండాలి; ఉందో లేదో చూసేది కోర్టు. మాటకు నేనేం కోరితే అదే అర్థం అని హంప్టీ డంప్టీ ఆలిస్‌తో అన్నదొక్కటే మెజారిటీ వాదానికి దొరికే ప్రమాణం అని, లూయిస్ కరోల్ పిల్లల కథలోని ఆ సంభాషణను తీర్పులోనే పెట్టారు. తీర్పు ముందే చూసిన లార్డ్ చాన్సలర్ (అప్పట్లో న్యాయవ్యవస్థకు పెద్ద) సైమన్ ఆ భాగం తీసేయమని ఉత్తరం రాశారు. అట్కిన్ తీయలేదు. జడ్జీలు ప్రభుత్వం కంటే ఎక్కువ ప్రభుత్వంలా ఆలోచిస్తున్నారని, ఆయుధాల చప్పుడు మధ్య కూడా ఈ దేశంలో చట్టాలు మూగబోవని, వాటిని మార్చుకోవచ్చు గాని యుద్ధంలోనూ శాంతిలోనూ అవి ఒకే భాష మాట్లాడతాయని, తాను ఒంటరి అయినా ఈ వంకర వ్యాఖ్యానానికి అభ్యంతరం చెబుతున్నానని రాశారు. సాటి జడ్జీలకు మండిపోయింది. మెజారిటీలో ఒకరైన వైకౌంట్ మామ్ ఏకంగా టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి ఆక్షేపించారు. జడ్జి జడ్జిమీద పేపరుకెక్కడం అప్పటి లండన్‌లో వినని సంగతి.

యుద్ధ వేడిలో వచ్చిన ఆవేశం కాదిది. పదేళ్ల ముందు, 1931లో, లాగోస్ నుంచి వచ్చిన ఎలెకో కేసులో ఇదే మాట చెప్పారు. ఒక గిరిజన పెద్దను గవర్నరు ప్రవాసం పంపాడు. ఆ అధికారం వాడడానికి చట్టం పెట్టిన షరతులు నిజంగా నెరవేరాయా అన్నది కోర్టు విచారించి తీరాలి, మనిషి స్వేచ్ఛలోనో ఆస్తిలోనో వేలుపెట్టే అధికారి తన చర్య చట్టబద్ధమని కోర్టు ముందు నిరూపించుకోవాలి అన్నారు అట్కిన్. నైజీరియా నాయకుడికి దక్కిన రక్షణ లండన్ పౌరుడికి దక్కకుండా పోయింది, అదీ 1941 విడ్డూరం. 1936లో ట్రినిడాడ్ సంపాదకుడి కోర్టు ధిక్కారం కేసులో న్యాయం గడప దాటని కన్య కాదు, సామాన్యుల ముక్కుసూటి విమర్శ పడక తప్పదు అన్న ధోరణిలో ఆయన రాసిందీ ఇదే వరసలోది. మన కోర్టుల్లో ధిక్కారం కేసు వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యం బయటికొస్తుంది.

అట్కిన్ 1944 జూన్ 25న వేల్స్ తీరంలోని అబర్‌డోవీలో చనిపోయారు. తన మాటే నిజమైందని చూడలేదు. 1951లో సిలోన్ నుంచి వచ్చిన కేసులో ప్రివీ కౌన్సిల్ ఆ లివర్సిడ్జ్ మెజారిటీ దారిలో నడవడానికి నిరాకరించింది. 1963లో హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జి లార్డ్ రీడ్ దాన్ని చాలా విచిత్రమైన తీర్పన్నారు. చివరికి 1979లో రాస్‌మిన్‌స్టర్ కేసులో లార్డ్ డిప్లాక్ బాహాటంగా ఒప్పుకున్నారు: నాటి నలుగురూ అవసరం కొద్దీ తప్పు చేశారు, అట్కిన్ చెప్పిందే ఒప్పు.

ఇంగ్లండ్‌లో పరువు పోయాక కూడా ఆ మెజారిటీ తీర్పు మన దేశంలో బతికింది. ఎమర్జెన్సీలో మీసా అనే నిర్బంధ చట్టం కింద పట్టుకుపోయినవాళ్లు హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేయవచ్చా అన్న ప్రశ్నమీద 1976 ఏప్రిల్ 28న, జబల్‌పూర్ కేసులో, సుప్రీంకోర్టు నలుగురు ఒకరుగా చీలింది. ప్రభుత్వ పక్షం నిలిచిన నలుగురి తీర్పుల్లో లివర్సిడ్జ్ మెజారిటీకి మర్యాద దక్కింది. అట్కిన్ చోట నిలబడ్డవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. అట్కిన్‌కు పేపర్లో తిట్లు పడ్డాయి, ఖన్నాకు పదవే పోయింది. 1977 జనవరిలో ఆయన్ను దాటేసి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా ఇచ్చారు. 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు తీర్పులో జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు తుడిచేసింది. ఆ మాట రాసిన డి.వై. చంద్రచూడ్, 1976 నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ కొడుకే.

ఇంకో సంగతి ఉంది, ఇది తెలుగు రాష్ట్రాలకు నేరుగా తగిలేది. అట్కిన్ వాదన మొత్తం 'సహేతుకమైన కారణం ఉంటే' అన్న మాటమీద నిలబడింది. చట్టం రాసేవాళ్లు ఆ మాటే వాడకపోతే? మన ముందస్తు నిర్బంధ చట్టాలు చాలావరకు అధికారి 'సంతృప్తి చెందితే' అనే రాశాయి. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో వచ్చి, నేడు రెండు రాష్ట్రాల్లోనూ పీడీ యాక్ట్‌గా నలుగురి నోళ్లలో నానే చట్టం కూడా అంతే. సారా కాచేవాళ్లు, గూండాలు, భూకబ్జాదారులు అని మొదలైన జాబితాలో తర్వాత తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తనాలవాళ్లనూ చేర్చింది. సంతృప్తి మనసులో ఉండేది కాబట్టి అట్కిన్ పద్ధతిలో 'చూపించు' అని అడగడం కష్టం. కోర్టులు పక్కదారిన వస్తున్నాయి: అధికారి ఏ కాగితాలు చూశాడు, ఎప్పటి కేసులు పట్టుకున్నాడు, మామూలు క్రిమినల్ చట్టం ఎందుకు చాలదనుకున్నాడు, శాంతిభద్రతల సమస్యకూ ప్రజాజీవనమే దెబ్బతినడానికీ తేడా గమనించాడా అని అడుగుతున్నాయి. 2022లోనూ, మళ్లీ 2023 సెప్టెంబరులోనూ తెలంగాణ నిర్బంధ ఉత్తర్వులు కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని అలవోకగా వాడుతున్నారని అధికారుల్ని గట్టిగా మందలించింది. ఉత్తర్వు కొట్టేసే వేళకు మనిషి నెలల తరబడి జైల్లో ఉండనే ఉంటాడు. చట్టం గరిష్ఠంగా పన్నెండు నెలలు ఉంచనిస్తుంది.